బీట్‌రూట్ లేని ఎరుపు

మార్చి 4, సోమవారం

అమ్మ దృష్టిలో నేను ఫోన్ కోసం వంట చేస్తున్నాను. అన్నయ్య దృష్టిలో ఉద్యోగం పోయిన దుఃఖాన్ని పెనం మీద కాల్చుకుంటున్నాను. పోలేదురా, నేనే మానేశాను అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి రెండూ ఒకటే.

ఈ పొద్దున మళ్ళీ అదే తంతు. పాలకూరతో ఆకుపచ్చ, క్యారెట్‌తో నారింజ, పసుపుతో పసుపు, బీట్‌రూట్‌తో గులాబీ. కాగితంలా పల్చటి ఈ అట్లని, అదే క్రేపుల్ని, మడిచి ప్లేట్లో వరసగా పేరుస్తుంటే అమ్మ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగింది. అమ్మ హాస్టల్ వంటశాలలో పెద్ద వంటమనిషి. బయల్దేరే ముందు ఎవరికో ఒకరికి చురక పెట్టనిదే ఆవిడకి అడుగు పడదు.

"అయిందా ఆ కాగితం అట్ల పని? నేను రోజూ రెండొందల మందికి వండి వారుస్తా. ఒక్కళ్ళన్నా నా గిన్నెకి ఫోటో తీశారా?"

"నేనూ తియ్యలేదమ్మా."

"తియ్యకపోతే మరెందుకే ఇన్ని రంగులు? తెల్లగా ఉంటే గొంతు దిగదా?"

దీనికి నా దగ్గర జవాబుంది. చెప్పలేదు. నాన్నకి గొంతు దిగడం లేదు. నేను ఇల్లు చేరిన రోజు నాన్న బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లు కనిపించింది. రోజూ చూసేవాళ్ళు కాబట్టి వీళ్ళెవరికీ కనిపించలేదు. మర్నాడు పొద్దున ఆయన బ్రెడ్డు ముక్క సగం కొరికి లేచిపోయాడు. ఆ తర్వాతి రోజు నేను ఆకుపచ్చ క్రేపు వేసి పెడితే ఆగాడు. రంగు కదా, అందుకని. సగం జీవితం అద్దకం షెడ్డులో రంగులు కలిపిన మనిషి. షెడ్డు మూతపడ్డాక దారాల కొట్లో కౌంటర్ వెనక నిలబడుతున్నాడు. టైలర్లు గుడ్డముక్క తెచ్చి ఇస్తే గుమ్మం దాకా నడిచి, పగటి వెలుగులో పట్టి చూసి, వెనక్కొచ్చి కండెల గుట్టలోంచి ఒక్కటే తీస్తాడు. రెండోది తియ్యాల్సిన అవసరం రాదు.

ఆ క్రేపుని కూడా అలాగే అంచు పట్టుకుని కిటికీ వైపు ఎత్తాడు.

"ఇది నిలిచే రంగు కాదమ్మడూ."

"నిలవడానికి కాదు నాన్నా, తినడానికి."

నవ్వాడు. తిన్నాడు. అంతే, అప్పట్నించి వేస్తున్నాను.

ఇది అమ్మతో అంటే, నేను పెడితే తినని మనిషి నువ్వు పెడితే తింటాడా అని ఇంకో రామాయణం మొదలవుతుంది. ఫోన్ కోసమే అనుకోనీ.


మార్చి 5

బీట్‌రూట్ ఉడికించకూడదు. పచ్చిదే తురిమి, గుడ్డలో వేసి పిండి, ఆ రసంలో రెండు చుక్కలు నిమ్మరసం వెయ్యాలి. గోధుమపిండి, పాలు, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు కలిపి వడకట్టాలి. వడకట్టకపోతే పెనం మీద మచ్చలొస్తాయి. మంట బాగా తగ్గించాలి. రెండో వైపు తిప్పీ తిప్పనట్టు తిప్పి తీసెయ్యాలి. ఒక్క నిమిషం ఎక్కువైతే గులాబీ కాస్తా గోధుమరంగులోకి దిగుతుంది. పాలకూరని వేడినీళ్ళలో ముంచిన మరుక్షణం చల్లటి నీళ్ళలో వెయ్యాలి, లేకపోతే బురద.

నేను పనిచేసిన బిస్కట్ల కంపెనీ ల్యాబులో ఎరుపు డబ్బాలో వచ్చేది. దానికి పేరు ఉండదు, నంబరు ఉంటుంది. దాంతో నాకేం గొడవ లేదు. నేను మానేసింది రంగుల వల్ల కాదు. ఎందుకంటే

అది ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.


మార్చి 7

ఇవాళ ఇంట్లో పెద్ద గలభా. నాన్న బాత్రూంలోంచి వచ్చాక అన్నయ్య వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే బయటికొచ్చి కేక పెట్టాడు.

"అమ్మా! ఇటు రా. నాన్నకి రక్తం పడుతోంది."

అమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తింది. నాన్న హాల్లో తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. మొహం తుడవడం పూర్తయినా తువ్వాలు తియ్యలేదు.

నేను వెళ్ళి చూశాను. నీళ్ళు సరిగా పోసినట్టు లేదు, అడుగున ఎర్రగా ఉంది. నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. అందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. బీట్‌రూట్ రంగుని కొందరి ఒళ్ళు అరిగించుకోలేదు, వచ్చిన రంగుని వచ్చినట్టే బయటికి పంపేస్తుంది, పదిమందిలో ఒకరికి ఇలా ఉంటుంది, భయం లేదు, జబ్బు కాదు, కాలేజీలో చదువుకున్నాం.

"అంటే నాన్న పదిమందిలో ఒకడన్నమాట" అన్నాడు అన్నయ్య. "థాంక్యూ సైంటిస్టమ్మా. ఇంకా నయం, ఆకుపచ్చగా పోసుంటే మున్సిపాలిటీ వాళ్ళని పిలిచేవాణ్ణి."

"నోర్ముయ్యరా, తినే చోట ఆ మాటలేంటి" అని అమ్మ గరిటె ఊపింది.

అప్పుడు నాన్న తువ్వాలు దించాడు. ఆయన మొహం అంత తేలికపడటం నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకోటుందా ఎర్రది?"

చదివిన చదువు ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో ఒకరికి పనికొచ్చింది.


మార్చి 8

ఐదు తిన్నాడు. ఐదూ ఎర్రవే!


మార్చి 12

నాన్న ఇప్పుడు వేరే రంగు ముట్టుకోవడం లేదు. నిన్న పాలకూర వేస్తే, "ఎర్రది వెయ్యవా ఇవాళ?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. సాయంత్రం కొట్టు నించి వస్తూ తనే సంచీ నిండా బీట్‌రూట్ తెచ్చాడు. ఉప్పు ప్యాకెట్టు తెమ్మన్నా మర్చిపోయే మనిషి!

అమ్మకి కొత్త గొడవ దొరికింది.

"ఏవండీ, ఆ పైజమాల మీద ఏంటా మరకలు? తింటూ మీద పోసుకుంటారా? ఎంత రుద్దినా పోవు. దీని రంగుల పిచ్చి నా చేతులకొచ్చింది."

"పోతాయిలే, ఎండలో వెయ్యి" అన్నాడు నాన్న పేపరు వెనకనించి.

బీట్‌రూట్ మరక చల్లటి నీళ్ళకే పోతుందమ్మా అనబోయాను. నాన్న ఎన్నడూ మెతుకు కింద పడేసి ఎరగడు. సరే, పెద్దవాడవుతున్నాడు.

ఫోన్ వచ్చింది. వేరే ఊళ్ళో పళ్ళ రసాల కంపెనీ. కూరగాయలనించి రంగు తీసే విభాగంట. ఇంటర్వ్యూకి శుక్రవారం రమ్మన్నారు. అక్కడికక్కడే బస్సు టైములు చూశాను. అన్నయ్య మాత్రం, "చూశావా, పెనమే సర్టిఫికెట్" అన్నాడు. వాడి నోటినించి అదే దీవెన అనుకోవాలి.


మార్చి 14, గురువారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు గంతులేస్తున్నాయి. స్టాండు దాకా నాన్నే వచ్చాడు. బ్యాగు మొయ్యబోతే నేనివ్వలేదు. దారిలో రెండుసార్లు ఆగాడు. చెప్పు సర్దుకోవడానికట.

"మూడు రోజులు ఏం తింటావు నాన్నా?"

"బ్రెడ్డు తింటాను. మీ అమ్మ గుడ్లు ఉడకేస్తుంది. నువ్వు నా సంగతి మర్చిపోయి వెళ్ళు."


మార్చి 17, ఆదివారం

ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్ ఒకటిన చేరాలి. రాత్రే ఇల్లు చేరాను. అమ్మ తెల్లారేసరికి వీధంతా చెప్పేసింది. నిన్నటిదాకా ఫోన్ పిచ్చిది, ఇవాళ "మా పిల్లకి రంగుల శాస్త్రంలో పెద్ద ఉద్యోగం" అయింది.

మధ్యాహ్నం ట్యాంకులో నీళ్ళైపోయాయి. నాన్న బాత్రూంలోంచి వచ్చి, మోటారు వెయ్యమని అన్నయ్యని కేకేశాడు. వాడు లేడు. నేను బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళాను.

నీళ్ళు పోశాను. మోటారు వేశాను. గిన్నెలు తోమాను.


మార్చి 18

బీట్‌రూట్ రంగు ఒంట్లో రెండు రోజులుండొచ్చు. మనిషిని బట్టి ఇంకొంచెం ఉండొచ్చు. నీళ్ళు తక్కువ తాగితే ఇంకా.

అన్నయ్యని అడిగాను, మామూలుగా అడిగినట్టే.

"నేను లేనప్పుడు ఏం తిన్నార్రా?"

"బ్రెడ్డు, గుడ్లు. నువ్వు లేక ఇల్లు బ్లాక్ అండ్ వైట్ అయిపోయింది."

"నాన్న బీట్‌రూట్ తిన్నాడా?"

"దాన్ని తరగడం కూడా నువ్వొచ్చే చెయ్యాలి. అలాగే ఉంది సంచీ."

సంచీ చూశాను. అలాగే ఉంది.

అయినా బాత్రూం బల్బు పసుపుది. ఆ వెలుగులో ఏ రంగూ నిజం చెప్పదు. నాన్నే అంటాడు ఆ మాట.


మార్చి 19

ఆదివారం బాత్రూంలో చూసింది గులాబీ కాదు. తుప్పు. టీ డికాక్షన్లో ఇటుకపొడి కలిపినట్టు.

రాసేశాను. ఇక కొట్టెయ్యను.


మార్చి 20, బుధవారం

అనుమానం మీద ఇంటిల్లిపాదినీ భయపెట్టకూడదు. ల్యాబులో ఏం చేస్తాం? ఒక్కటి మార్చి తక్కినవన్నీ అలాగే ఉంచుతాం. సోమవారం, మంగళవారం క్యారెట్‌వే వేశాను. ఎర్రది అడిగిన నాన్నకి క్యారెట్ పిండి బాగా కుదిరిందని అబద్ధం చెప్పాను. ఇవాళ ఎర్రవి వేశాను, బీట్‌రూట్ లేకుండా.

ఊదా క్యాబేజీని సన్నగా తరిగి వేడినీళ్ళలో నానబెడితే నీళ్ళు వంకాయరంగు తిరుగుతాయి. అందులో నిమ్మరసం పిండితే ఒక్కసారిగా గులాబీ. గుడ్డు, పాలు వేస్తే మళ్ళీ నీలంలోకి జారుతుంది కాబట్టి రెండూ మానేసి నీళ్ళతోనే పిండి కలిపాను, ఇంకొంచెం నిమ్మరసం పోశాను. మొదటిది చిరిగింది. రెండోది బాగా వచ్చింది. ఈ రంగు ఒంట్లోకి వెళ్తే వెళ్ళినట్టే, బయట ఎర్రగా కనిపించదు.

మా నాన్న మీద నేను ప్రయోగం చేస్తున్నాను. ఆయనకి చెప్పకుండా.

నాన్న వచ్చి కూర్చున్నాడు. క్రేపు అంచు పట్టుకుని కిటికీ వైపు ఎత్తాడు. చాలాసేపు చూశాడు. నేను సింకు దగ్గర కుళాయి తిప్పాను.

నాలుగు తిన్నాడు.

"పుల్లగా ఉన్నాయి" అన్నాడు లేస్తూ. "బాగున్నాయి."


మార్చి 21

పొద్దున ఆయన తర్వాత నేనే వెళ్ళాలని కాచుకుని కూర్చున్నాను. ఆయన మగ్గుతో నీళ్ళు పోసిన చప్పుడు విన్నాను. అయినా అంచున మిగిలింది. ఎరుపు.

బయటికొస్తే నాన్న అమ్మకి వినపడేలా అంటున్నాడు, "అమ్మడి బీట్‌రూట్ మహిమ, ఇవాళ కూడా హోలీయే."

అమ్మ నవ్వింది.


మార్చి 22, శుక్రవారం

మధ్యాహ్నం దారాల కొట్టుకి వెళ్ళాను. నాన్న భోజనం డబ్బా మర్చిపోయాడని అమ్మకి ఫోన్లో చెప్పి వెళ్ళాను. మర్చిపోలేదు, నేనే సంచీలోంచి తీసి దాచాను. ఈ మధ్య అబద్ధాలు ఎంత సునాయాసంగా వస్తున్నాయో.

కొట్టు యజమాని భోజనానికి వెళ్ళాడు. గోడనిండా కండెలు. తెలుపు దగ్గర మొదలై నలుపు దాకా ఒక్కో మెట్టే దిగుతూ పోతాయి. ఆ సర్దుడు నాన్నదే. నన్ను చూసి స్టూలు జరిపాడు.

"ఇంత ఎండలో ఎందుకొచ్చావే?"

"మొన్న నేను వేసింది బీట్‌రూట్ కాదు నాన్నా."

"తెలుసు."

నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎలా తెలుసు?"

"ఎలా ఏంటి? బీట్‌రూట్ ఎరుపులో పసుపుంటుంది. దాంట్లో నీలం ఉంది. వెలుగులో పట్టగానే తెలిసింది. క్యాబేజీయా?"

"మరి తెలిసీ ఎందుకు తిన్నావు?"

"నువ్వు చేశావుగా."

ఒకావిడ లోపలికొచ్చింది, జాకెట్టు ముక్క పట్టుకుని. నాన్న లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆ ముక్కని వెలుగులో చూసి, వచ్చి ఒక కండె తీసిచ్చాడు. ఆవిడ పక్కన పెట్టి చూసుకుని, "అచ్చంగా అదే అన్నయ్యగారూ" అని వెళ్ళిపోయింది.

నేను ఆగలేకపోయాను.

"ఆవిడ దారానికి అణువంత తేడా వస్తే పట్టుకుంటావే, నీలోంచి వచ్చేదాన్ని చూసి బీట్‌రూట్ అని మాకు ఎలా చెప్పావు నాన్నా?"

"నేను చెప్పలేదే." ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పావు. అందరి ముందు, అంత బాగా విడమరిచి చెప్పావు. నువ్వు చెబుతుంటే నాకే నిజమేనేమో అనిపించింది."

ఎప్పట్నించి అని అడిగాను. చలికాలం నించి అన్నాడు. నేను ఇల్లు చేరక ముందునించి. నొప్పి లేదట మొదట్లో. ఇప్పుడు ఉందట, కొంచెం. ఆ "కొంచెం" అనేటప్పుడు కౌంటర్ చెక్క పట్టుకున్నాడు.

"పెదనాన్నకీ ఇలాగే మొదలైంది కదా?"

పెదనాన్న కూడా అదే షెడ్డు, అవే తొట్లు. ఇద్దరూ మోచేతుల దాకా రంగుతో ఇంటికొచ్చేవాళ్ళు. ఆపరేషన్ అయ్యాక పెదనాన్న చొక్కా కింద మూత్రం సంచీ కట్టుకుని తిరిగాడు. నలుగురిలోకి రావడం మానేశాడు. మా ఇంటికొస్తే గుమ్మం దగ్గరే కూర్చునేవాడు, వాసన వస్తుందేమోనని.

"ఆ బతుకు నేను చూశానమ్మడూ. నేను మనుషుల ఎదుట నిలబడి పనిచేసేవాణ్ణి."

"పెదనాన్న ఆలస్యం చేశాడు కాబట్టి సంచీ దాకా వెళ్ళింది."

"ఆలస్యం చెయ్యకపోతే?"

"తెలీదు. చూస్తేగా తెలిసేది."

కండెల వరసలో ఒకటి ముందుకొస్తే వేలితో వెనక్కి నెట్టాడు. అప్పుడు అన్నాడు, చాలా నెమ్మదిగా, బేరం ఆడేవాడిలా. నేను ముందు ఉద్యోగంలో చేరాలట. చేరి, కుదురుకున్నాక, ఆ మొదటి వారంలోనే ఆయన తనంతట తనే అమ్మని తీసుకుని ఆస్పత్రికి వెళ్తాడట. ఇప్పుడే బయటపడితే నేను వెళ్ళనట.

"నాకు తెలుసు నీ సంగతి. పైకి అలా ఉంటావు గానీ, నాకేదైనా అయిందంటే బ్యాగు సర్దినదానివి కూడా విప్పేస్తావు. అదొక్కటీ నా చేతుల మీదుగా జరగకూడదు. మాటివ్వు."

ఇచ్చాను.


మార్చి 23

మాట ఇచ్చాను కదా.


మార్చి 24, ఆదివారం

చలికాలం నించి ఉన్నది. ఇంకో పది రోజులకి ఏమైపోతుంది? డాక్టర్ల దగ్గర కూడా తారీఖు దొరకడానికి అంతే పడుతుంది. పైగా ఆయన తనంతట తను వెళ్తానన్నాడు. బలవంతంగా తీసుకెళ్తే సహకరించడు. నాన్న సంగతి నాకు తెలియదా?

సూట్‌కేసు దింపాను. అన్నయ్య దాని మీద కూర్చుని జిప్పు వేశాడు. "వెళ్ళాక మాకు రంగురంగుల నీళ్ళు పంపు" అన్నాడు. బాత్రూం తలుపు చప్పుడైతే నేను ఉలిక్కిపడ్డాను. వాడు చూశాడు.

"ఏంటే అలా ఉన్నావు?"

"ఏం లేదు."

"ఎవరైనా ఉన్నారా అక్కడ? ఆ ఊళ్ళో?"

నా మొహంలో ఏం కనిపించినా వీళ్ళకి ప్రేమ వ్యవహారం తప్ప ఇంకోటి తోచదు. తోచనీ, ఇప్పుడు అదే నయం.


మార్చి 25

బీట్‌రూట్ వేశాను. మళ్ళీ నిజం బీట్‌రూట్. ఆయన కిటికీ వైపు ఎత్తలేదు. అమ్మ ముందు ఇద్దరం బాగా నటించాం.


మార్చి 26, మంగళవారం

పొద్దున నాన్న బాత్రూంలో చాలాసేపు ఉన్నాడు. నీళ్ళ చప్పుడు లేదు. తలుపు కొట్టాను. కొంతసేపటికి గడియ తీశాడు. ఒక చెయ్యి గోడకి ఆన్చి ఉంది, మొహాన చెమట. అడ్డం పడిందట, రావడం లేదట. మాట మధ్యలో పళ్ళు బిగించాడు. ఆ తర్వాత వచ్చిందట. చూడొద్దన్నాడు. చూశాను. నెత్తురు గడ్డలు.

"చెప్పకు" అన్నాడు. "ఇంక ఎన్నాళ్ళులే. నువ్వు వెళ్ళే దాకా."

వంటింట్లోకొచ్చి పెనం పెట్టాను. బీట్‌రూట్ తురుముతుంటే చేతులు ఎర్రబడ్డాయి. అమ్మ వెనకనించి వచ్చి, పైజమా ఒకటి నా ముందు ఆడించింది. "చూడు, నువ్వే ఉతుకు దీన్ని. నా వల్ల కాదు. ఏం వేస్తున్నావే దాంట్లో, సిమెంటా?" అంది. సరదాగానే అంది. నా ఉద్యోగం వచ్చినప్పట్నించి అమ్మ నాతో సరదాగా ఉంటోంది.

ఆ మరకని వేలితో తాకాను. అంచుల్లో గోధుమరంగు, మధ్యలో గట్టిపడింది.

నేను నాన్నకిచ్చిన మాట నిలబెడుతున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇది మాట నిలబెట్టడం కాదు. నాకు ఆ ఉద్యోగం కావాలి. సూట్‌కేసు విప్పాల్సి వస్తుందేమోనన్న భయం నాన్నకి కాదు, నాకే. ఆ బేరం ఆయన ఆడినా లాభం నాది. ఇంట్లో అందరూ నన్ను స్వార్థపరురాలు అనుకుంటారు, నాన్న ఒక్కడే త్యాగమూర్తి అనుకుంటాడు. ఆయన లెక్కే అన్నిటికంటే తప్పు. నేను విప్పేదాన్ని కాదు. విప్పనని నలుగురికీ తెలియకూడదనే నోరు మూసుకున్నాను.

సూట్‌కేసు విప్పకుండా కూడా నోరు తెరవొచ్చు. ఇంత చిన్న విషయం తట్టడానికి ఇంతసేపు పట్టింది.


మార్చి 27, బుధవారం

చెప్పేశాను.

పొద్దున క్రేపులు వెయ్యలేదు. ప్లేట్లు పెట్టలేదు. అమ్మ చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే, "అమ్మా, చెప్పులు విడువు" అన్నాను. నాన్న బల్ల దగ్గరే ఉన్నాడు. ఆయన వెనక చెప్పడం నాకిష్టం లేదు.

"నాన్నకి మూత్రంలో రక్తం పడుతోంది. చలికాలం నించి. బీట్‌రూట్ కాదు. నాకు తెలిసి వారం పైన అయింది."

అమ్మ ముందు నా వైపు, తర్వాత నాన్న వైపు చూసింది. నాన్న బల్ల మీద గీతనొకదాన్ని గోటితో గీకుతున్నాడు.

"ఏవండీ?"

ఆయన గోరు ఆగిపోయింది. అమ్మకి అదే జవాబు.

నేను కేకలు వేస్తుందనుకున్నాను. అమ్మ కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేని చేతులు.

"ఆ పైజమాలు నా చేత్తో ఉతికాను. రోజూ తిడుతూ ఉతికాను" అంది. తర్వాత నా వైపు తిరిగి, "వారం నించి తెలిసి నాకు రంగులట్లు పెట్టావా?" అంది.

"పెట్టాను."

అన్నయ్య గదిలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాడు. వాడి నోట్లో జోకు లేకుండా వాణ్ణి చూడటం ఇదే మొదటిసారి.

అమ్మ ఫోన్ తీసి హాస్టల్‌కి చేసింది. "ఇవాళ నేను రాను. పప్పు నానబెట్టి ఉంది, ఉప్పు చూసి వెయ్యండి" అంది. ఇన్నేళ్ళలో జ్వరమొచ్చినా ఆ మాట అనలేదు. ఫోన్ పెట్టేసి నాన్నతో అంది.

"లేవండి. చొక్కా మార్చుకోండి."

"ఎందుకే హడావుడి, వచ్చే వారం..."

"మీ అన్నయ్య కూడా వచ్చే వారం అనే అన్నాడు. లేవండి."

నాన్న లేచాడు. లేస్తూ నా వైపు చూశాడు. కోపం ఉంటే భరించేదాన్ని. గిరాకీ వెనక్కి తెచ్చిన కండెని చూసినట్టు చూశాడు.

"నమ్మి చెప్పాను నీకు" అన్నాడు.


మార్చి 28, గురువారం

నిన్న డాక్టరు చూసింది. చిన్న వయసావిడ. నాన్నని ఏం పని చేసేవారు అని అడిగింది. అద్దకం అనగానే పెన్ను ఆగింది. మళ్ళీ కదిలింది. స్కానింగ్‌లో మూత్రాశయం గోడకి ఏదో కనిపిస్తోందట. శనివారం కెమెరా పెట్టి లోపల చూస్తారట, ముక్క తీసి పంపుతారట. చూడకుండా ఏమీ చెప్పలేనంది. సంచీ గురించి నాన్న అడగలేదు, నేనడిగాను. "అన్ని కేసుల్లోనూ అక్కర్లేదు, ముందు చూడనివ్వండి" అంది. నాన్న ఆవిడ బల్ల మీదున్న ఫైళ్ళ అట్టల రంగులు చూస్తున్నాడు.

ఇంకో మాట కూడా అంది. ఇంతకాలం ఎందుకు రాలేదని.


మార్చి 29, శుక్రవారం

నాన్న నాతో మాట్లాడటం లేదు. కావాల్సినవి అమ్మ ద్వారా అడుగుతున్నాడు, నేను ఎదురుగా ఉన్నా సరే. పొద్దున తెల్లటి క్రేపులు వేశాను, ఏ రంగూ లేకుండా. ఆయన ప్లేటు పక్కకి జరిపి బ్రెడ్డు అడిగాడు. అమ్మ ఇచ్చింది. సగం తిన్నాడు.

అమ్మ వంటింట్లో నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అంది, "వెళ్తావా ఇంకా? తండ్రిని ఈ స్థితిలో పెట్టుకుని?"

"వెళ్తాను."

"వీధిలో ఏం చెప్పను?"

"వెళ్ళిందని చెప్పు."

అన్నయ్య శనివారాలు సెలవు పెట్టుకుంటానన్నాడు. ఆస్పత్రికి వాడు తిప్పుతాడు. కాయితాల్లో ఏం రాశారో అర్థం కాకపోతే ఫోటో తీసి నాకు పంపుతాడు. ఫోన్‌లో ఫోటోలు ఎందుకో ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరూ అడగడం లేదు.

నాన్న మళ్ళీ నాతో మాట్లాడతాడో లేదో తెలీదు. కెమెరాలో ఏం కనిపిస్తుందో తెలీదు. ఆలస్యమైపోయిందేమో కూడా తెలీదు. అయిపోయి ఉంటే అందులో నా వారం కూడా ఉంటుంది.

రేపు ఆయనతో పాటు లోపలికి నేనే వెళ్తాను. ఆయన వద్దన్నా వెళ్తాను. డాక్టరు ఏం చెప్తే అది ఆయన ఎదుటే అమ్మకి విడమరిచి చెప్తాను, ఒక్క ముక్క మిగల్చకుండా. ఆదివారం బస్సెక్కుతాను. సోమవారం ఉద్యోగంలో చేరతాను.